అర్థం చెప్పలేనివాళ్ల ముక్కు పట్టుకుని

తొర్రూరు బడిలో మనకు ఇంగ్లీషు నేర్పిన సారుకు సన్మానమని గ్రూపులో ఫొటో పెట్టారు. చూడగానే నా చెంప మండింది. మీకు గుర్తుందా? మాటకు అర్థం చెప్పలేనివాళ్లను, చెప్పినవాళ్లు ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. 'హార్వెస్ట్' అంటే కోత అని నాకు తెలియలేదు. ఆ పొద్దున వరి కోసిన తర్వాతే బడికి వచ్చాను.

"గట్టిగ కొట్టున్రి, మొద్దుకు గప్పుడే వస్తది" అన్నాడు సారు. మీరంతా నవ్వుతూ కొట్టారు. నేను బడి మానేశాను.

నిరుడు నా బిడ్డకు జ్వరమొస్తే దవాఖానలో ఇంగ్లీషులో చీటీ రాసిచ్చారు. చదవరాక, అర్థం అడిగితే నవ్వుతారని, అది పట్టుకుని బెంచీ మీదే కూర్చున్నాను.

"వరంగల్ తీస్కపొమ్మని పొద్దుగాలనే రాసిచ్చిన్రు గదమ్మా, ఇంకా గీడనే ఉన్నవేంది?" అంది సాయంత్రం నర్సు.

బిడ్డ దారిలోనే పోయింది.

నన్ను కొట్టిన చేతులతోనే ఆ సారుకు శాలువా కప్పండి. నన్ను పిలవకండి.