మంచుతొట్టి ఆయమ్మ

ఆసుపత్రిలో అందరికీ ఆమె మంచుతొట్టి ఆయమ్మే. గుండెలో రంధ్రమున్న పిల్లలకు మత్తిచ్చి, ఐస్ గడ్డలు నింపిన తొట్టిలో పడుకోబెట్టేవారు. ఒళ్లు చల్లబడితే, రక్తప్రవాహం ఆపినా మెదడు కొన్ని నిమిషాలు ఓర్చుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే పెద్ద డాక్టరు గుండె తెరిచి, రంధ్రం కుట్టి, మూసేయాలి. ఐస్ గడ్డలు పగలగొట్టడం, పిల్లల వేళ్లు కమిలిపోకుండా గుడ్డలు చుట్టడం, తర్వాత గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు రుద్దడం ఆయమ్మ పని. "కోసేది డాక్టరుబాబు, బతికించేది నా తొట్టి" అని టెక్కులు పోయేది.

తర్వాత మిషన్ వచ్చింది. గుండె, ఊపిరితిత్తుల పని అదే చేస్తుందట, డాక్టరు తాపీగా కుట్టుకోవచ్చట. మొదట్లో దానికి తగిలించిన పిల్లలు వరసగా పోయారు. దాని గొట్టాలు కడిగేదీ ఆయమ్మే. మిషన్ పేరెత్తితే చాలు, ఆమెకు ఒళ్లు మండేది. ఆ తర్వాత కొందరు బతికినా ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

అప్పుడే ఆమె మనవరాలి గుండెలో రంధ్రముందని తేలింది.

"మిషన్ మీద చేద్దాం ఆయమ్మా. ఇప్పుడది కుదురుకుంది. లోపల ఏముందో తెరిస్తేగానీ తెలీదు, టైం కావాలి" అన్నాడు పెద్ద డాక్టరు.

"ససేమిరా ఒప్పుకోను బాబూ. నా బంగారుతల్లిని ఆ పెట్టెకివ్వను. తొట్టిలో నేనే పడుకోబెడతా."

కూతురు ఎటూ తేల్చుకోలేకపోయింది. "రోజూ చూసేదానివి. నీకెలా తోస్తే అలాగే అమ్మా" అంది. డాక్టరు ఇంకోసారి చెప్పి చూసి, చిన్న రంధ్రమే అయ్యుంటుందిలే అని మెత్తబడ్డాడు.

మనవరాలి వేళ్లకు ఆయమ్మే గుడ్డ చుట్టింది. డాక్టరు ఒక రంధ్రం కుట్టేసరికి, దాని కింద మరొకటి కనిపించింది. గడువు దగ్గరపడింది. అది వదిలేస్తే చేసిందంతా వృథా అని ఆయన సూది ఆపలేదు. మూశాక గుండె మళ్లీ కొట్టుకోలేదు. ఆయన చేత్తో నొక్కి చూశాడు. ఆయమ్మ వెచ్చని తడిగుడ్డలతో పాప కాళ్లు రుద్దుతూనే ఉంది. "ఇక చాలమ్మా" అని ఆయనే ఆమె చేతులు పట్టుకుని ఆపాడు.

వరండాలో కూతురు డాక్టరును నిలదీసింది. "మిషన్ పెట్టుంటే బతికేదా సార్?"

"అలా ఎవరూ చెప్పలేరమ్మా" అని ఆయన నీళ్లు నమిలాడు. తనను కాపాడటానికే అలా అంటున్నాడని ఆయమ్మకు తెలుసు. ఆ మాట చాటున దాక్కోవాలని ఆమెకు ఎంతగానో అనిపించింది.

"బతికేదే తల్లీ" అంది. "రెండోది కుట్టడానికి టైం ఉండేది. నేనే వద్దన్నా."

కూతురు పాప బట్టల సంచి తీసుకుని, ఒక్కతే మెట్లు దిగి వెళ్లిపోయింది.