మూడో రోజు రుచి

ఇవాళ, మంగళవారం ఉదయం ఆరు గంటలకు మా మెస్సు పిన్నిగారు పోయారు. కాఫీ గ్లాసు ముందు పెట్టుకుని, కూర్చున్న కుర్చీలోనే. నిన్ననే ఈ ఏటి ఆవకాయ కలిపి జాడీకెత్తారు.

విజయవాడలో రిపోర్టరుగా చేరింది మొదలు ఆరేళ్లుగా గవర్నరుపేటలోని ఆ మెస్సులోనే తింటున్నాను. వడ్డిస్తూ ఆవిడ అడిగేది కూర ఎలా ఉందని కాదు. "ఇవాళ నీ లోపల ఏంటి? తీపా, చేదా, చప్పనా?" అని. బస్సు తప్పిందనో, ఎవరో తిట్టారనో మొదలుపెడితే గరిటె ఎత్తేవారు.

"కథ తర్వాత. ముందు రుచి చెప్పు."

చేదంటే, "సరే, చేదే. కాసేపు ఉండనీ" అని చారు పోసేవారు. నా పేరుతో మొదటి వార్త అచ్చయిన రోజు తీపన్నాను. "సరే, తీపే. అన్నం చల్లారిపోతోంది, తిను" అన్నారు.

ఒక వేసవిలో, తాగునీటి చెరువులు నిండకుండానే కాలువలకు నీళ్లు ఆపేశారని డెల్టా శివారు ఊళ్లు మూడు రోజులు తిరిగి వార్త రాశాను. పేపర్లో నాలుగు లైన్లే వేశారు. రాజీనామా రాసుకుని మెస్సుకు వెళ్లాను. పిన్నిగారి చేతుల నిండా ఆవపిండి.

"చేదండీ" అన్నాను.

"ఎక్కడ?"

"గొంతులో."

"గొంతులో ఉన్నదాన్ని కాగితం మీద పెట్టావేం? మూడో రోజు తిరగకలిపేదాకా ఆవకాయకే ఉప్పు చాల్లేదని అనం. నీ ఉద్యోగానికేం తొందర?" కాగితం లాక్కుని జాడీ కింద పెట్టారు.

పక్క పీట మీది బ్యాంకు గుమాస్తా, "పిన్నిగారూ, కాగితం కూడా ఊరుతుందా?" అన్నాడు.

"ఊరాక నీకే వడ్డిస్తాలే."

మర్నాడు అడిగారు. చేదే. మూడో రోజు కొత్త ఆవకాయ ముద్ద చేతిలో పెట్టి మళ్లీ అడిగారు. వెతికి చూసుకున్నాను. చేదు లేదు. చప్పగా ఉందన్నాను.

"చప్పనంటే తక్కువేం కాదు నాయనా. మజ్జిగన్నం చప్పనే, రోజూ తింటున్నాంగా. కుంపటి రాజెయ్యడానికి ఆ జాడీ కింది కాగితం కావాలి, ఇస్తావా?"

తీసి ఇచ్చాను. ఆ వార్త నాలుగు లైన్లుగానే మిగిలింది. నేను ఇంకా అదే ఆఫీసులో ఉన్నాను.

ఇవాళ ఆ కుర్చీ ముందు నిలబడి ఉంటే బ్యాంకు గుమాస్తా మెల్లగా అడిగాడు: "ఏంటి రుచి?"

"చేదు."

"నాకూ."

ఇద్దరం కాసేపు ఉండనిచ్చాం.

పామర్రు నుంచి వచ్చిన పిన్నిగారి చెల్లెలు జాడీ తెచ్చి మా ముందు పెట్టారు. "మైల మాకు గానీ మీకేంటండీ. అక్క చేతిది, పాడవనివ్వకండి."

రేపు బుధవారం, మూడో రోజు. పొద్దున తొమ్మిదింటికి మెస్సులో తినే పదకొండు మందిమీ చేతులు కడుక్కుని, జాడీకి ఆవిడ కట్టిన గుడ్డ విప్పి, తిరగకలుపుతాం. ఉప్పు చాలిందో లేదో అప్పటిదాకా ఎవరమూ అనం.