ఎనిమిది కాళ్ళ పెళ్ళికూతురు

మా స్టూడియో చాచా పోయారు. పోయిన శుక్రవారం పొద్దున చాయ్ తాగి, దుకాణం తీయడానికి వచ్చి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉండిపోయారట. ఆయన కొడుకు ఫోన్ చేసి ఆ మాట చెప్పి, ఇంకోటి అడిగాడు.

"టీచరమ్మా, పేపర్ల ఎయ్యనీకి మా అబ్బా ఫొటో ఒకటి గావాలె. ఇల్లంత దేవులాడినం, ఒక్కటి గూడ దొరుకుతలేదు. మీ దగ్గర ఏమన్న ఉందా?"

వనపర్తిలో ఏ ఇంటి గోడ చూసినా ఆయన తీసిన ఫొటో ఉంటుంది. ఆయనది మాత్రం ఆయన ఇంట్లోనే లేదు. నా దగ్గర ఒకటుంది. అందులో చాచా చేనులో బోర్లా పడుకుని ఉంటారు. ముఖానికి కెమెరా అడ్డం. కనపడేవల్లా బట్టతల, మోచేతులు, మట్టి కొట్టుకున్న చెప్పుల అడుగులు. దాన్ని పేపర్లో వేస్తే ఎవరూ గుర్తుపట్టరు. నేను మాత్రం ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను. ఆ రోజు తలచుకుంటే ఇప్పుడు కూడా, ఈ దుఃఖంలో కూడా, నాకు కాలు ఒకచోట నిలవదు. కాబట్టి ఈ నాలుగు మాటలూ ఏడుస్తూ రాయలేను. క్షమించండి.

నేను వనపర్తిలో ఆడపిల్లల బడికి సైన్సు టీచరుగా వచ్చిన మొదటి జూన్ అది. తరగతి గోడకు 'కీటకాలు' అని ఒక పాత చార్టు వేలాడేది. అందులో సీతాకోకచిలుకకు, మిడతకు మధ్య ఆరుద్ర పురుగు ఎర్రగా కూర్చుని ఉంది. తొలకరి పడగానే చేలల్లో మఖ్మల్ ముక్కల్లా పాకుతాయే, అవే. నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదు. "ఇది కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్ళు, దీనికి ఎనిమిది. ఇది సాలీడుకు చుట్టం" అని పిల్లలకు చెప్పేశాను.

సాయంత్రానికల్లా ఆ మాట పెద్ద సైన్సు సారు దాకా పోయింది. ఆయన కోప్పడలేదు, నవ్వారు. నవ్వితేనే నాకు ఎక్కువ మండింది.

"ముందటి రెండు కాళ్ళు గావమ్మా, మీసాలు. ముప్పై ఏండ్ల సంది గిదే జెప్తున్న."

హెడ్మాస్టరమ్మ మధ్యలో పడి తీర్పు చెప్పారు. ఎనిమిది అని రుజువు చూపిస్తే చార్టు దింపిస్తారు. చూపించలేకపోతే నేను ప్రార్థన దగ్గర పిల్లలందరి ముందు నిలబడి తప్పు చెప్పానని ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరి పదిరోజులు కాలేదు. ఆ తర్వాత నా మాట ఏ పిల్ల నమ్ముతుంది?

పురుగును తెచ్చి చూపిస్తే సరిపోదా అంటారేమో. పిల్లలు అగ్గిపెట్టెల నిండా తెచ్చారు. వాటిని ముట్టుకుంటే చాలు, కాళ్ళన్నీ కడుపు కిందికి ముడుచుకుని ఎర్ర గుండీలైపోతాయి. బల్ల మీద పోసి భూతద్దం పట్టుకుని గంటసేపు చూశాం. గుండీలు కదల్లేదు. అవి తమ చేనులో తమ మానాన నడుస్తుండగా ఫొటో తీయాలి. వాన పడ్డ వారం పదిరోజుల్లో అవి మళ్ళీ మట్టిలోకి పోతాయి. నాకున్న గడువు అంతే.

మా మేనమామ ఇచ్చిన పాత కెమెరా ఒకటి నా దగ్గరుండేది. దాన్ని మెడలో వేసుకుని బడి వెనక సందులోని స్టూడియోకి వెళ్ళాను. చాచాను మాట్లాడించడం అదే మొదటిసారి. నమస్కారం కూడా సరిగ్గా పెట్టకుండా, "హైదరాబాదు నుంచి మాక్రో లెన్స్ తెప్పించుకోవాలి, ఏది మంచిది?" అని అడిగాను.

ఆయన పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్నారు. కత్తెర ఆపకుండానే అన్నారు.

"ఏం పురుగు?"

"నేను లెన్స్ గురించి అడిగాను."

"ముందుగాల పురుగు పేరు జెప్పు బేటా. అద్దం సంగతి తర్వాత."

చెప్పాను. కత్తెర ఆగింది. ఆయన లేచి, సొరుగులోంచి ఒక రెగ్జిన్ సంచి తీసి, మూడు గుండ్రటి అద్దాలు బల్ల మీద పరిచారు. క్లోజప్ ఫిల్టర్లు. మామూలు లెన్స్‌కు ముందు మరతో బిగిస్తే చాలు, దగ్గరి వస్తువు పెద్దదిగా కనిపిస్తుంది. ఎవరైనా పోతే, ఇంటివాళ్ళు ఏ పెళ్ళి గుంపులోనో నిలబడ్డ ఫొటో తెచ్చి, శనగగింజంత ముఖాన్ని చూపించి పెద్దది చేయమంటారు. ఆ పనికి వాడే అద్దాలవి.

నేను వెంటనే ఎదురు తిరిగాను. ఒక పత్రికలో చదివాను మరి. ఫిల్టర్ వేస్తే మధ్యభాగం బాగుంటుంది, అంచులు అలుక్కుపోతాయి. మాక్రో లెన్స్ దగ్గరి పనికే పుట్టింది, అంచుదాకా గీత గీసినట్టు చూపిస్తుంది. నాకు కావలసిన కాళ్ళు ఉండేది అంచుల్లోనే.

"నువ్వు జెప్పింది నిజమే," అన్నారు చాచా. "లెన్స్ మంచిదే, కాదన్నానా? ఎప్పుడొస్తది?"

"రెండు వారాలు."

"పురుగు ఆగుతదా రెండు వారాలు?"

నేను బల్ల మీది అద్దం ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"ఎగిరిపోయేదానికి లెన్స్ గావాలె. ఇది మెల్లగ నడిశేది. దీనికి ఈ అద్దం సాలు. లెన్స్ గూడ తెప్పియ్యి, రానీ. అందాక కూసుందమా?"

ఆదివారం పొద్దున ఆయన స్కూటరు మీద గోపాల్‌పేట దారిలో ఒక చేనుకు వెళ్ళాం. ఎర్రనేల, తడి ఆరలేదు, ఎక్కడ చూసినా పురుగులే. నేను చిన్నపిల్లలా గంతులేశాను. చాచా బోర్లా పడుకుని, పెళ్ళికూతుళ్ళతో మాట్లాడే అలవాటు కొద్దీ పురుగుతో కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. "తల జర ఇటు బిడ్డా. ఆఁ, గట్లనే ఉండు." కెమెరాలో చూస్తూ, "అంచులు మస్తు మసకున్నయి" అని ఒకసారి అన్నారు. "నేను చెప్పలేదా, ఫిల్టర్లంటే అంతే" అన్నాను, పెద్ద తెలిసినదానిలా. రంగుల రీలు మొత్తం అయిపోయింది.

రీలు మహబూబ్‌నగర్ ల్యాబుకు వెళ్ళి బుధవారం తిరిగొచ్చింది. కవరు చించి చూశాను. ప్రతి ఫొటోలోనూ నడుమ ఎర్రటి ఒళ్ళు ధగధగలాడుతోంది, చుట్టూ పాలపొగ. కాళ్ళన్నీ ఆ పొగలో కలిసిపోయాయి. ఎనిమిది కాదు కదా, ఒక్క కాలు కూడా లెక్కకు రాదు.

నా నోరు మంచిది కాదు. "మీకు పెళ్ళిఫొటోలు తప్ప ఏం రావు చాచా. అనవసరంగా మీ మాట విన్నాను" అనేశాను. ఆయన ఫొటోలు మళ్ళీ కవర్లో సర్దిపెట్టారు.

మర్నాడు బడిగంట కొట్టేసరికి చాచా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో ఇంకో గుండ్రటి అద్దం. నడుమ తేటగా ఉంది, చుట్టూ ఆవిరి పట్టినట్టుంది.

"తప్పు క్లోజప్ అద్దానిది గాదమ్మా, నాది. శనివారం పెండ్లిల పెండ్లికూతురుకు పెట్టిన సాఫ్ట్ అద్దం ఇది. తీసుడు మర్సిన. దీని మీదనే ఆ అద్దాలు బిగిచ్చిన. రాత్రంత పరేషాన్."

పెళ్ళికూతురి ముఖం మాత్రం వెలిగి, చుట్టూ మబ్బు కమ్మినట్టు రావడానికి వాడే ఫిల్టర్ అది. కెమెరాలో మసక కనపడినప్పుడు ఆయనకు అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని నా పత్రిక తెలివితో నొక్కేసింది నేను. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. "సగం తప్పు నాది చాచా." ఆయన తల అడ్డంగా ఊపారు.

"అద్దం బిగిచ్చిన చెయ్యి నాదే. ఇంకో పారి పోదాం."

కానీ గోపాల్‌పేట చేలల్లో పురుగులు అప్పటికే మాయమయ్యాయి. అప్పుడు మమ్మల్ని కాపాడింది చాచా భార్య, మా చాచీ. ఆమె పుట్టిల్లు గట్టు అనే పల్లె. వానకు మొహం వాచిన ఊరు. ఆ ఏడు అక్కడ తొలకరి ఆలస్యంగా, రెండు రోజుల కిందటే పడింది. "మా అన్న సేన్ల ఉంటయి, పోండ్రి" అని జొన్నరొట్టెలు కట్టిచ్చింది.

అవి బడి అడ్మిషన్ల రోజులు. స్టూడియోకు ఏడాదిలో అంతకన్నా గిరాకీ ఉండదు. పొద్దున్నే తల్లులు పిల్లల తలలకు నూనె రాసి వరసలో నిలబెడతారు. చాచా పలక మీద సుద్దతో రాసి షట్టరుకు తగిలించారు: "పురుగు ఫొటోకు పోయినం. రేపు రాండ్రి." వనపర్తిలో ఆ పలక గురించి చాలాకాలం చెప్పుకున్నారు.

ఆ ఆదివారం గద్వాలలో బస్సు మారి గట్టు చేరేసరికి ఎండ ఎక్కుతోంది. ఎండ ముదిరితే పురుగు మట్టిలోకి దిగిపోతుంది. ఆముదాలు విత్తిన చేనంతా వంగి వంగి వెతికాం. నడుములు పడిపోయాయి. ఒకే ఒక్కటి దొరికింది.

చాచా ఈసారి అద్దాలన్నీ విప్పి, ఒక్కోదాన్ని ఆకాశానికేసి పట్టి చూసి, నాకూ చూపించి, అప్పుడు బిగించారు. మామూలు లెన్స్‌కు కాదు, పెళ్ళిళ్ళలో దూరం నుంచి తాళి కట్టడం తీసే పొడుగు జూమ్‌కు బిగించారు. "దీనికి తగిలిస్తే మూరెడు దూరంల ఉండి తియ్యొచ్చు. మన నీడ దాని మీద పడదు, బెదరదు." ఏ పత్రికలోనూ నేను చదవని సంగతి. రీలు కూడా నలుపు తెలుపుది వేశారు. కాళ్ళు లెక్కపెట్టడానికి రంగెందుకు, పైగా కడగడం ఆయన చేతిలోనే ఉంది.

పురుగు నడుస్తోంది. ముందటి రెండు కాళ్ళూ గాలిలో ఆడిస్తోంది, అచ్చం మీసాల్లాగే. పెద్ద సారు నవ్వు నా కళ్ళ ముందు కనపడింది. చాచా మీట నొక్కడం లేదు.

"తీయండి చాచా, పోతుంది."

"జర ఆగు. దాని ముందట మట్టిపెడ్డ ఉంది. ఎక్కనీ. ఎక్కాల్నంటె అన్ని కాళ్ళు ఆనియ్యాలె."

చేతులు ఊరుకోక, నా కెమెరాతో ఆయన్ని తీసింది అప్పుడే. పురుగు పెడ్డ దగ్గర ఆగింది. తడిమింది. ఒక ముందుకాలు పైన ఆనించి, రెండోది ఆనించి, ఒళ్ళు లాక్కుంది. క్లిక్. మళ్ళీ క్లిక్.

మర్నాడు బడి వదలగానే పరుగెత్తుకుంటూ వెళ్ళాను. డార్క్‌రూములో ఎర్రదీపం కింద ట్రేలో తెల్ల కాగితం మునిగి ఉంది. ముందు మట్టిపెడ్డ తేలింది, తర్వాత ఒళ్ళు. వెనక కాళ్ళు వచ్చాయి. ఇద్దరం ఒకేసారి పైకి లెక్కపెడుతున్నాం. నాలుగు, ఐదు, ఆరు. ఆరు దగ్గర నేను ట్రే మీదికి ఇంకా వంగాను. చాచా ట్రేను మెల్లగా ఊపారు. పెడ్డ మీద ఏడోది వచ్చింది, మట్టిని పట్టుకుని. దాని పక్కన ఎనిమిదోది.

"లెక్కకు వచ్చినయి బేటా" అన్నారు చాచా. ఆ చీకట్లో ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను. ట్రేలో మందునీళ్ళు ఆయన చొక్కా మీద ఒలికాయి. ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదని చాచీ ఇప్పటికీ అంటుంది.

పెద్ద సారు ఆ ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండుసార్లు లెక్కపెట్టారు. తర్వాత కుర్చీ ఎక్కి, చార్టును తన చేత్తోనే దించారు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం.

మాక్రో లెన్స్ రెండు వారాలకు వచ్చింది. చాచా దాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూసి మురిసిపోయారు. తూనీగల కళ్ళు, సీతాకోకల రెక్కల పొడి, ఆ తర్వాత నేను తీసినవన్నీ దానితోనే. నిలవని పురుగుకు దాన్ని మించింది లేదు. పిల్లలెవరైనా ఏది కొనమంటారు అని అడిగితే మాత్రం, "ఏం పురుగు?" అంటాను. ఆ మాట నాది కాదని ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

పాడైపోయిన ఆ రంగుల ఫొటోల్లో ఒకదాన్ని చాచా పెద్దది చేయించి, చట్రం కట్టించి స్టూడియోలో పెట్టారు. పెళ్ళికూతుళ్ళ వరసలో కాదు, కెమెరా వెనక గోడకు, కెమెరాకన్నా జానెడు పైన. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చి బిగుసుకుపోయే పిల్లలకు అది చూపించి, "దానికి కాళ్ళెన్ని ఉన్నయో లెక్కవెట్టు బిడ్డా" అనేవారు. ఆ పొగలో లెక్క తేలదు కదా. పిల్లలు భయం మరిచి, కళ్ళు పెద్దవి చేసి చూసేవారు. అప్పుడు మీట నొక్కేవారు.

మొన్న వాళ్ళింటికి పోయి చాచీని పలకరించి వచ్చాక, బడిలో ఈ జూన్ అడ్మిషన్ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కో కాగితం తిప్పి, దాని మీద అంటించిన, చాచా తీసిన ఫొటో చూశాను. ఒక్క పిల్ల కూడా నావైపు చూడటం లేదు. అందరి కళ్ళూ కొంచెం పైకి, ఒకే చోటికి ఉన్నాయి. ఆరో తరగతికి వచ్చిన ఒక పిల్ల పెదవులు కాస్త తెరుచుకుని ఉన్నాయి. ఇంకా లెక్కపెడుతూనే ఉంది.