పంటు దిగినవాళ్ళ కాళ్ళు

మాది గోదావరికి పడమటి గట్టు. అవతల కోనసీమ. మధ్యలో పంటు తిరుగుతుంది. స్కూటర్లనూ ఆటోలనూ మనుషులనూ ఒకేసారి మోసుకెళ్ళే పెద్ద మోటారు బల్లకట్టు అది. మా వైపు ఎవరింట్లోనైనా పిల్లి బెడదో కుక్క బెడదో ఎక్కువైతే కొట్టరు, చంపరు. గోనెసంచిలో వేసి మూతి కట్టి, పంటు మీద ఏరు దాటించి వదిలేస్తారు. సంచిలో ఉంటుంది కాబట్టి దారి తెలియదు, తెలిసినా గోదావరి ఈదలేదు. అవతలి వాళ్ళు కూడా మా గట్టున ఇలాగే వదులుతారని తర్వాత తెలిసింది. రెండు గట్ల వాళ్ళమూ చేతికి మట్టి అంటకుండా బతికేస్తున్నాం.

మా ఎర్ర కుక్కను అలా దాటించింది నేనే. మా ఆయన స్కూటరు నడిపారంతే. సంచి నా ఒళ్ళో ఉంది.

నాలుగేళ్ళు మా అరుగు మీద బతికినా దానికి పేరు పెట్టాలని మాకెవరికీ తోచలేదు. "ఇదిగో" అంటే వచ్చేది. నేను బజారు నుంచి వచ్చి గేటు తీస్తే ముందు నా పాదాలు వాసన చూసేది. కుడిది, తర్వాత ఎడమది. నేనేనని రూఢి చేసుకున్నాకే తోక ఊపేది. "ఇంత అనుమానం ఏంటే నీకు" అని తిట్టేదాన్ని.

ఏడాదికి రెండుసార్లు ఈనేది. మా గేదెకు సూది వేయడానికి వచ్చిన పశువుల డాక్టరు గారు ఒకసారి చెప్పారు. "ఆసుపత్రికి తీసుకురండమ్మా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తాను. వారం రోజులు జాగ్రత్తగా చూసుకుంటే చాలు." నేను చెంపలు వేసుకున్నాను. "పాపం కదండీ, నోరులేని దాని కడుపు కోయిస్తామా!" అన్నాను. కోత పాపమని తోచిన నా బుర్రకు సంచి పాపమని తోచలేదు. పైగా నాది జాలిగుండె అని నలుగురిలో చెప్పుకునేదాన్ని. ఎంత సిగ్గులేనితనం!

చివరిసారి పుట్టిన పిల్లలు పక్కింటి కోళ్ళ మీద పడ్డాయి. మాటా మాటా పెరిగింది. పిల్లల్ని ఊళ్ళోవాళ్ళకు తలా ఒకటి అంటగట్టి, తల్లిని సంచిలో వేశాను. అన్నం గిన్నె చూపించి పిలిస్తే తనే వచ్చింది. పంటు మీద అరిచి గోల చేస్తుందేమోనని భయపడ్డాను. అరవలేదు. గోనె సందులోంచి ముక్కు పెట్టి నా చెయ్యి వాసన చూసి, నేనే ఉన్నానని తెలుసుకుని, నిమ్మళంగా పడుకుంది. అవతల కొబ్బరితోటల దగ్గర విప్పి నాలుగు బిస్కెట్లు పారేశాను. అది తింటుండగానే స్కూటరు ఎక్కేశాను.

ఐదు నెలల తర్వాత అవతలి ఊళ్ళో చుట్టాలింట సీమంతానికి, మా వీధి ఆడవాళ్ళతో కలిసి పట్టుచీర కట్టుకుని బయల్దేరాను. పంటు ఒడ్డుకు చేరుతుండగానే చూశాను. బొమికలు లెక్కపెట్టేలా చిక్కిపోయిన ఎర్ర కుక్క దిగేవాళ్ళ మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి కాళ్ళూ వాసన చూస్తోంది. చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుని పాదాలు దాచుకున్నాను. ఇంత వయసొచ్చి, కుక్కకు దొరక్కుండా పాదాలు దాచుకున్నాను!

అది వచ్చింది. కుడి పాదం. ఎడమ పాదం. ఆ తర్వాత తోకతో పాటు ఒళ్ళంతా ఊగిపోయింది.

రేవులో చేపలమ్మే ఆవిడ బుట్ట దించి వింతగా చూసింది. "ఎవరికీ తోకాడించని కుక్కండీ ఇది! మీదా అండీ?"

మా వీధివాళ్ళందరూ నా వైపు తిరిగారు.

"మాది కాదండీ" అన్నాను. దాన్ని కాలితో పక్కకు నెట్టి "ఛీ, పో" అన్నాను.

అది అరవలేదు, వెంట పడలేదు. ఉన్నచోటే కూర్చుండిపోయింది. సాయంత్రం నేను రేవుకు రాకుండా, చుట్టాల కారులో వంతెన మీదుగా చుట్టు తిరిగి ఇంటికొచ్చాను.

నాలుగు రోజులూ గేటు తీసినప్పుడల్లా పాదాల దగ్గర తడి ముక్కు తగిలినట్టు ఉండేది. ఐదో రోజు పొద్దున్నే గొలుసు, పెరుగన్నం పట్టుకుని పంటు ఎక్కాను.

"ఆ ఎర్రదాండీ?" అంది చేపలావిడ. "అన్నాళ్ళూ ఎండనక వాననక పంటు వచ్చినప్పుడల్లా లేచొచ్చి అందరి కాళ్ళూ వాసన చూసేదండి. ఆ రోజు మీరెళ్ళాక పంటు హారన్ కొట్టినా తలెత్తలేదండి. ఇంకెవరి కాళ్ళూ చూడలేదు. రెండ్రోజులు నా పాక వెనకాల పడుకుంది. చేప ముక్క వేసినా ముట్టలేదు. తర్వాత ఎటెళ్ళిపోయిందోనండి."

తోటల్లో, సందుల్లో మధ్యాహ్నం దాకా వెతికాను. పిలవడానికి పేరు లేదు. "ఇదిగో, ఇదిగో" అని కేకలేస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏంటండీ, మమ్మల్నేనా?" అని అడిగారు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నల్లది ఉంది. అవతలి వాళ్ళెవరో సంచిలో తెచ్చి మా రేవులో వదిలినది. ఆపరేషన్ చేయించాను, ఏటా టీకాలు వేయిస్తున్నాను. వచ్చిన రోజే పేరు పెట్టాను. అది నా పాదాలు వాసన చూడబోతే మాత్రం ఇప్పటికీ కాళ్ళు వెనక్కి తీసుకుంటాను. ఆ చోటు దానిది కాదు.

నెలకోసారైనా అవతలికి వెళ్తాను. పంటు దిగి, చెప్పులు విప్పి, జనం వెళ్ళిపోయేదాకా రేవులో నిలబడతాను. ఎవరి కోసమండీ అని చేపలావిడ ఒక్కసారీ అడగలేదు. మొన్న నేనే ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను.

"అది మాదేనండి."

ఆవిడ చేపలు తోముతూ తలెత్తకుండానే అంది. "తెలుసండి. అది ఆ రోజే చెప్పింది కదండీ."