దీపం చుట్టూ ఇంద్రధనుస్సు

మా వదిన లవీనియా నోట "నొప్పి" అనే మాట పలికించడం మా ఊళ్ళో ఎవరి తరమూ కాలేదు. ఒకసారి ఇస్త్రీపెట్టె పాదం మీద పడి బొటనవేలు నల్లబడిపోయింది. నేను పరుగెత్తుకెళ్ళి "ఏమైంది వదినా?" అంటే, "నాకేం కాలేదు. దానికే చోటు మారాలనిపించింది" అంది పళ్ళు బిగించి. నవ్వాలో ఏడవాలో తెలియక మా ఇంటికొచ్చి నవ్వుకున్నాను.

అట్లాగని ఆవిడకి పిచ్చి అనుకునేరు. నా ముందు ఎవరైనా ఆ మాటంటే ఊరుకోను. ఆవిడ మా అన్నయ్య వెండెల్ భార్య. వాళ్ళకి ఒక్కగానొక్క పిల్ల యునీస్. నాలుగేళ్ళు నిండకుండానే గొంతువాపుతో పోయింది. ఆ తర్వాత రెండేళ్ళు వదిన మంచం దిగలేదు. పాస్టరు గారొచ్చి "దేవుని చిత్తం అమ్మా" అన్నప్పుడల్లా గోడవైపు తిరిగి పడుకునేది. అప్పుడు కాన్సాస్ సిటీ నుంచి ఒకావిడ మా ఊరి హాల్లో ప్రసంగం చెయ్యడానికొస్తే, నేనే బలవంతాన వదినకి కోటు తొడిగి లాక్కెళ్ళాను. బైబిల్లో ఉన్నదంతా ఎప్పుడో జరిగిపోయిన కథ కాదు, ఈ పూట మీ లోపల జరుగుతున్నదే అని చెప్పిందావిడ. ఐగుప్తు అంటే మీ మనసులో చీకటి. అక్కడి రాజు ఫరో అంటే మీ మొండితనం. క్రీస్తు సమాధి మీద రాయి అంటే మీరు రోజూ తలుచుకుని తలుచుకుని బరువెక్కించుకున్న తలంపు. దాన్ని మీరే దొర్లించాలి, అంది. మర్నాడు పొద్దున్నే వదిన లేచి ఇంట్లో కర్టెన్లన్నీ ఉతికి ఆరేసింది. దడి అవతల నిలబడి నా కళ్ళతో నేను చూశాను. మరి ఆ మాటల్లో బలం లేదని నేనెట్లా అనను?

ఆ తర్వాత ఆవిడే మాకు గురువైంది. బుధవారం మధ్యాహ్నాలు వాళ్ళ ముందుగదిలో ఆడవాళ్ళం చేరేవాళ్ళం. గొల్యాతు అంటే ఏమిటి, యొర్దాను దాటడమంటే ఏమిటి, పన్నెండుమంది శిష్యులు మన ఒంట్లో ఎక్కడెక్కడ కూర్చున్నారు, అన్నీ చెప్పేది. అన్నిటికంటే ఆవిడకి ఆదాము కథంటే ఇష్టం. "దేవుడు జంతువుల్ని ఆదాము దగ్గరికి తోలుకొచ్చాడు. వాడు ఏ పేరు పెడితే అది అదే అయింది. తలంపుకున్న బలం అదీ. రోగానికి పేరు పెట్టావంటే దాన్ని పెంచుకోడానికి ఒప్పుకున్నావన్నమాటే" అనేది. అందుకని మాలో ఎవరైనా "నా నడుం..." అని మొదలుపెట్టగానే మిగతావాళ్ళంతా అరచెయ్యి ఎత్తి "పేరు పెట్టకు!" అనేవాళ్ళు. అందరికంటే ముందు లేచే చెయ్యి నెటీ వాస్‌ది. అందరికంటే ఎక్కువ చెయ్యెత్తించుకున్నది నేను. చెప్పనివ్వకపోతే నా పన్ను ఇంకా సలిపేది.

ఆకురాలు కాలంలో ఒక బుధవారం వదిన మొహం వెలిగిపోతూ వచ్చి మా మధ్య కూర్చుంది. "మీకో సంగతి చెప్పాలి. నాకు గుర్తు కనిపించింది" అంది. సాయంత్రం దీపం వెలిగిస్తే దాని చుట్టూ రంగురంగుల వలయం కనిపిస్తోందట. ఒకరోజు కాదు, వారం నుంచి. లోపల నీలం, పైన ఎరుపు. "ప్రళయం తగ్గాక నోవహుకి దేవుడు ఆకాశంలో చూపించిన ఇంద్రధనుస్సే ఇది. జలప్రళయం అంటే భయాల వరద. ఓడ అంటే ఆ వరద మీద తేలే మనసు. నా వరద తగ్గిపోయింది" అంటూ ఏడ్చేసింది. నెటీ కూడా ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ ఇంట్లో అంత సంతోషం యునీస్ పోయాక నేను చూడలేదు.

ఇక చూసుకోండి. మిగతావాళ్ళకీ ఆశ పుట్టింది. ప్రతి బుధవారం కర్టెన్లు వేసేసి, గది చీకటి చేసి, మధ్యలో ఒక్క కిరసనాయిలు దీపం పెట్టుకుని కూర్చునేవాళ్ళం. అందరూ రెప్ప వాల్చకుండా చూసేవాళ్ళు. నెటీకి "కొంచెం కొంచెం" కనిపించిందట. నాకైతే చిమ్నీకి పట్టిన మసి తప్ప ఏమీ కనిపించలేదు. "నీ నోరే నీకు ఫరో" అంది వదిన. "ఏం చెయ్యను, పుట్టినప్పుడే దొరికింది" అన్నాను.

మా ఆయన పోయాక నేను పైగది అద్దెకిస్తుండేదాన్ని. అప్పుడు అందులో హాగన్ అని ఊరికి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఉండేవాడు. ఒకరోజు రాత్రి భోజనాలప్పుడు తియ్యటి ఆపిల్ పై ముక్కలు వడ్డిస్తూ, ఊరికే కబుర్లకి, "మా వదినకి దీపం చుట్టూ ఇంద్రధనుస్సు కనిపిస్తోంది తెలుసా డాక్టరు గారూ, మీ సైన్సులో ఉందా అది?" అన్నాను. అతను ఫోర్కు కింద పెట్టేశాడు.

"ఆవిడకి కనుబొమ్మ పైన నొప్పి ఉంటోందా? సాయంత్రాలు?"

నా చేతిలో పళ్ళెం ఆగిపోయింది. ఉంటోంది. వదిన దాన్ని నొప్పి అనదు, "మౌనంలో కూర్చుంటున్నా" అంటుంది. తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని కూర్చునే మౌనం అది.

"అది కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బమ్మా. వెంటనే కాన్సాస్ సిటీలో కంటి సర్జన్‌కి చూపించాలి. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే" అన్నాడు.

మర్నాడు పొద్దున చేతులకి పిండి అంటుకుని ఉండగానే వదిన వంటింట్లోకి వెళ్ళిపడ్డాను. నాకు మెల్లగా చెప్పడం చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. వదిన బంగాళాదుంపలు చెక్కుతోంది. చాకు ఆగలేదు.

"నా గుమ్మంలోకి ఆ పేరు తీసుకొచ్చావా లూయెల్లా? నేను నీకేం అపకారం చేశాను?"

"నేను తీసుకురాలేదు, నీ కంట్లోనే ఉంది! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నీ వ్యవహారం. ఇదిగో, నా చెయ్యి ఎక్కడుందో చెప్పు" అని ఆవిడ చెవి పక్కన నా చెయ్యి ఆడించాను.

ఆవిడ తల తిప్పలేదు. కాసేపటికి, "నీ పిచ్చి చేష్టలు చూడదల్చుకోలేదు" అంది. అప్పటికి నేను చెయ్యి దించేసి చాలాసేపయింది. చాకు పట్టుకున్న ఆవిడ వేళ్ళు తెల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి. లోపల ఎక్కడో ఆవిడకీ తెలుసని అప్పుడే అర్థమైంది నాకు.

అన్నయ్య ధాన్యం గిడ్డంగిలో పనిచేసేవాడు. అక్కడికే వెళ్ళాను. టోపీకి, కనుబొమ్మలకి దుమ్ము పట్టి ఉంది. అంతా విన్నాడు.

"రైలెక్కించు అన్నయ్యా. ఎత్తుకెళ్ళినా సరే."

"ఆ రెండేళ్ళూ నువ్వు చూళ్ళేదా లూ?" అన్నాడు. "స్పూనుతో సూప్ తాగించాను. నా వైపు చూసేది కాదు. ఈ నమ్మకమే ఆవిడని లేపింది. దీన్ని నా చేత్తో లాగేసి, మళ్ళీ మంచం పడితే? కళ్ళు లేకపోయినా నాతో మాట్లాడుతుంది. ఆ నమ్మకం పోతే నాకు మనిషే ఉండదు."

వాడి మీద అరుద్దామనుకున్నాను. దుమ్ము దులుపుకుని ఇంటికొచ్చేశాను. అరవకుండా వెనక్కి తిరగడం నాకదే మొదటిసారి.

తర్వాతి బుధవారం మళ్ళీ కర్టెన్లు వేశారు. ఇంట్లో కూర్చుంటే నా ప్రాణం నిలవక నేనూ వెళ్ళాను. దీపం ముందు వదిన నోవహు గురించే చెబుతోంది. ఓడలోంచి వదిలిన పావురం అంటే ఏమిటో చెబుతూ చెబుతూ ఆగింది. చెయ్యి కుడికంటి మీదికి పోయింది. తర్వాత ముందుకి వంగి, తన ఒళ్ళోనే వాంతి చేసుకుంది. నేను కర్టెన్లు లాగి పారేశాను. ఎండ పడగానే చూశాను, కుడికన్ను నెత్తురు ముద్దలా ఉంది, నల్లగుడ్డు మీద పొగమంచు కమ్మినట్టుంది.

నెటీ అరచెయ్యి ఎత్తింది. దేవుడి తోడు, అప్పుడు కూడా ఎత్తింది.

"దించు ఆ చెయ్యి, లేకపోతే విరిచేస్తాను!" అన్నాను. అన్నయ్యకి కబురు పంపించాను. వాడు పరుగెత్తుకొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా ఆవిడని చేతులమీద ఎత్తుకుని స్టేషన్‌కి నడిచాడు. రైల్లో దారంతా వదిన గొణుగుతూనే ఉంది, "నేను వెలుగులో ఉన్నాను, నేను వెలుగులో ఉన్నాను" అని.

సిటీలో సర్జన్ పేరు ఎబర్‌హార్ట్. ముసలాయన, కోపిష్టి. కుడికన్నుకి ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశాడు. నొప్పి తగ్గింది, చూపు దక్కలేదు. ఈ జబ్బున్నవాళ్ళు చీకట్లో కూర్చుంటే కంట్లో ఒత్తిడి ఇంకా ఎగదన్నుతుందని ఆయనే చెప్పాడు. మేము కర్టెన్లు వేసి, ఆవిడని మధ్యలో కూర్చోబెట్టి, ప్రార్థన చేస్తూ ఆ కన్ను తీసేశామన్నమాట.

మిగిలింది ఎడమకన్ను. దానికీ అదే జబ్బు మొదలైందనీ, వెంటనే కోస్తే నిలవచ్చనీ అన్నాడు. వదినని కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడి, "నా వేలు కనిపించగానే చెప్పండి" అన్నాడు. వేలు పక్కనుంచి మెల్లగా తెచ్చాడు. "కనిపించింది" అంది. ఇంకోవైపు నుంచి తెచ్చాడు. "కనిపించింది." మూడోసారి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"కనిపించింది" అంది వదిన.

ఆయన నన్ను తలుపు దగ్గరికి పిలిచాడు. "సంపూర్ణంగా ఉందని చెప్పే కంటి మీద నేను కత్తి పెట్టనమ్మా. ఆవిడ ఒప్పుకుని తీరాలి. లేదంటే ఇంటికి తీసుకెళ్ళండి. నెలలోనో, చలికాలం లోపో ఇదీ పోతుంది" అన్నాడు.

అన్నయ్య గోడకి ఆనుకుని నేలకేసి చూస్తున్నాడు. నేను వెళ్ళి వదిన ముందు మోకాళ్ళమీద కూర్చున్నాను. తిడదామనే కూర్చున్నాను. నోటికి వచ్చింది మాత్రం వేరే.

"వదినా, బేత్సయిదాలో ప్రభువు చూపిచ్చిన గుడ్డివాడి గురించి చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. అర్థం చెప్పు నాకు."

గురువు గొంతు ఆవిడకి వెంటనే వచ్చేసింది. "బేత్సయిదా అంటే వల వేసే చోటు, తలంపుల్ని పట్టే చోటు. గుడ్డివాడంటే సత్యం చూడని మనసు. ప్రభువు వాణ్ణి ఊరి బయటికి తీసుకెళ్ళాడు, అంటే నలుగురి నమ్మకాల్లోంచి బయటికి. కళ్ళ మీద చేతులుంచాడు. వాడు స్పష్టంగా చూశాడు."

"మధ్యలో ఒకటి వదిలేశావు."

"ఏం వదిలేశాను?"

"మొదటిసారి తాకాక ప్రభువు అడిగాడు కదా, ఏమైనా కనిపిస్తోందా అని. వాడేమన్నాడు?"

వదిన గౌను మడతలు సర్దుకుంది.

"మనుషులు నడిచే చెట్లలా ఉన్నారన్నాడు. సరిగ్గా లేదని సాక్షాత్తూ ప్రభువు మొహం మీదే చెప్పాడు! సంపూర్ణంగా ఉందనలేదు. పేరు పెట్టాడు వదినా. దానికి ప్రభువు కోప్పడ్డాడా? రెండోసారి చేతులుంచాడు. వాడు నీలా 'కనిపించింది' అని అబద్ధమాడి ఉంటే బతికినన్నాళ్ళూ చెట్లమధ్య తిరిగేవాడు."

వదిన మొహం మెల్లగా ముసలిదైపోతూ ఉంటే చూశాను. అన్నేళ్ళూ ఆవిడ దేన్ని పట్టుకుని నిలబడిందో అదంతా కూలిపోతోందని తెలుస్తూనే ఉంది. మళ్ళీ గోడవైపు తిరుగుతుందేమోనని ఆవిడ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"కుడివైపు ఏమీ లేదు" అంది. "ఏమీ లేదు లూ. ఎడమకంటికి నీ మొహం ఉంది, భుజాలు లేవు. వేసవి నుంచీ ఇంతే. నేను సరిగ్గా తలచలేదేమో, నాదే తప్పేమో అని రోజూ ఇంకా గట్టిగా తలుస్తున్నాను. నాకు భయంగా ఉందే. చచ్చేంత భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది" అన్నాను. ఆవిడ తల నా భుజానికి ఆనించుకుని ఇద్దరం ఏడ్చాం. డాక్టరు గొంతు సవరించుకుని, "రేపు పొద్దున చేస్తాను" అని బయటికి వెళ్ళిపోయాడు.

కట్టు విప్పిన రోజు అందరం చుట్టూ నిలబడ్డాం. ఆయన ఎదురుగా కూర్చుని, "ఏం కనిపిస్తోందమ్మా?" అన్నాడు.

"మీ ముక్కు. సగం మీసం" అంది వదిన. "చెవులున్నాయో లేవో మీరే చెప్పాలి."

ఆ కోపిష్టి ముసలాయన నవ్వాడు. తలుపు సందులోంచి చూసినంత చూపు నిలబడుతుంది, జాగ్రత్తగా ఉంటే చివరిదాకా ఉంటుంది అన్నాడు. అన్నయ్య టోపీ రెండు చేతుల్లో నలుపుతూ దూరంగా నిలబడ్డాడు. "ఇలా రా వెండెల్, నా ఎదురుగా కూర్చో" అని పిలిచింది. వాడొచ్చి కూర్చున్నాడు. వదిన ఆ కాస్త చూపుతో వాడి నుదురు, తర్వాత కళ్ళు, తర్వాత దవడలు, ముక్కలు ముక్కలుగా చూసుకుంటూ పోయింది. చెయ్యి చాపి లోపలికి పీక్కుపోయిన వాడి బుగ్గ తడిమింది.

"ఇంత చిక్కిపోయావేమిటి? ఒంట్లో బాగాలేదా? ఎప్పటినుంచి?"

"కిందటి చలికాలం నుంచి" అన్నాడు. "దగ్గినప్పుడు నెత్తురు పడుతోంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అన్నయ్య తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

"మనింట్లో అట్లాంటివి చెప్పుకోం కదా, లవీనియా" అన్నాడు.