మూడో దేశపు మనుషులు

ఇరాక్‌లో యుద్ధం నడిపి, గెలిచాక అక్కడే ఉండి ఏలిన ఒక అమెరికా పెద్ద సైనికాధికారి కాగితాలు గల్ఫ్‌లో నేను పనిచేసే సిత్రా రేవు గోదాముకు వచ్చాయి. సముద్రపు చెమ్మకు అట్టపెట్టెలు మెత్తబడ్డాయి. వాటిని కొత్త పెట్టెల్లో సర్ది అమెరికాకు ఓడెక్కించే పని నాకు పడింది. తలుపు దగ్గర తుపాకీతో ఒకడు నిలబడి ఉండేవాడు.

"పఢా తో నౌకరీ ఖలాస్" అని, చదివితే పని ఊడుతుందని మా ఫోర్‌మన్ హిందీలో ముందే బెదిరించాడు. టెన్త్ తప్పిన నేను ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలనని అతనికి తెలియదు.

చదవాలనే చూశాను, దాచడం దేనికి? మా బావ, అంటే మా చెల్లెలి మొగుడు, ఇక్కడి మామీర్ కూలీల క్యాంపులో నా పక్క మంచంలోనే పడుకునేవాడు. ఎవడో ఏజెంటు ఆశపెడితే ఇరాక్‌లో అమెరికా సైనికుల వంటశాలలో పనికి పోయాడు. వద్దని మొత్తుకున్నాను.

"అన్నం వండెటోని మీద ఎవడన్న బాంబేస్తడా బామ్మర్దీ!" అని నవ్వాడు.

మూడు నెలలుగా అతని ఫోను లేదు. ఏజెంటు ఫోనెత్తడం మానేశాడు. వాడి నోట్లో మన్ను పడ.

రెండో రోజు ఒక కాగితం మీద బావ ఉన్న క్యాంపు పేరు కనబడింది. వంటశాల మీద రాకెట్ పడిందట. బావ చివరిసారి మాట్లాడిన వారానికే. పోయిన సైనికుల పేర్లు, హోదాలు, ఊళ్లు, ఎవరి శవం ఏ విమానంలో పోయిందో కూడా రాసి ఉంది. దాని కింద ఒకటే ముక్క: మూడో దేశపు మనుషులు, ఇద్దరు. అంటే అమెరికావాళ్లూ ఇరాకీలూ కాని కూలివాళ్లు. పెట్టె అడుగుదాకా వెతికాను. పేర్లు లేవు. ఆ వంటశాలలో మనవైపు వాళ్లే చాలామంది ఉన్నారని బావే చెప్పేవాడు. చదవేస్తే ఉన్న మతి పోయినట్టయింది నాకు.

"యల్లా, యల్లా!" అని ఫోర్‌మన్ వెనక నుంచి తొందరపెట్టాడు. ఆ పెట్టెకు టేపు నేనే వేశాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. అంత రాసినవాళ్లకు, వండిపెట్టిన మనిషి పేరు రాయడానికి సిరా చాలలేదా?

శుక్రవారం చెల్లె ఫోను చేసింది. చూసింది చూసినట్టు చెప్పాను.

"అన్నా, మరి నేను బొట్టు పెట్టుకోవాల్నా, తీసెయ్యాల్నా?"

"పెట్టుకో చెల్లె" అన్నాను.

ఇప్పటికీ పెట్టుకుంటోంది.