గడ్డం కాస్త దించండి

పాస్‌పోర్టు ఫోటోలు తీసే ఆయనకు ముప్పై ఏళ్లుగా ఒకటే పాట: "గడ్డం కాస్త దించండి, కదలకండి." సాయంత్రం ఇల్లు చేరేసరికి ఇంకో మనిషి మొహం చూసే ఓపిక ఉండదు. చొక్కా అయినా మార్చుకోకుండా, నడుం పట్టుకుని వంటింట్లో చతికిలబడి, కెమెరాకు భూతద్దం లాంటి లెన్సు తగిలిస్తాడు. సబ్బునురగ, చీపురుపుల్ల కొస, ఉప్పురాయి. వీటికి గడ్డం దించమని చెప్పక్కర్లేదు. నిన్న తీసిన ఫోటోలో నల్లటి నేలను చీల్చుకుంటూ వంకరటింకర లోయ ఒకటి కనిపించింది. మురిసిపోయి భార్యకు చూపించాడు.

"ఏంటో చెప్పుకో చూద్దాం!"

అంట్లు తోముతూనే ఆవిడ ఓరకంట చూసింది. "కుక్కర్ మూత రబ్బరు. పగిలిందని మూడు నెలలుగా మొత్తుకుంటున్నా. ఫోటో బాగా వచ్చింది లెండి, కొట్లో ఇదే చూపించి కొత్తది తెండి."

ఎవరూ చెప్పకుండానే ఆయన గడ్డం కాస్త దిగింది.